నా ఎదురు కోరిన మనిషి

"ఎదురొచ్చినావు గదక్కా, ఇంక నా బండికి దిగుల్లే."

"పో నాయనా. సల్లగా పోయి రా."

"సల్లగా పోవడమే గదక్కా మా పని," అని నవ్వి, తువ్వాలు మెడకు చుట్టుకుని గేరు వేశాడు. మా ఇద్దరి మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. వెనక కంటైనర్‌లో దానిమ్మ కాయలు చలిలో చక్కగా కూర్చున్నాయి. ముందు కేబిన్‌లో ఈ డ్రైవరు చెమట తుడుచుకుంటున్నాడు. నేను గేటు బయట నుంచి బండికి ఎదురుగా కొంచెం నడిచి వచ్చి పక్కకు తప్పుకున్నాను. ప్రతిసారీ చేసేదే.

ఆ లోడును మద్రాసు రేవులో అప్పగించాడట. కంటైనర్‌ను దించి, కరెంటు తగిలించి, దాని చలిమిషను మళ్ళీ పలికేదాకా అక్కడే నిలబడ్డాడట. తర్వాత టీ అంగడి ముందు బల్ల మీద కూర్చుని, గ్లాసు చేత్తో పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. టీ చల్లారిపోయినా లేవలేదు. గుండె ఆగిపోయింది.

కబురు మా షెడ్డుకు వచ్చినప్పుడు పని ఆగింది. అందరూ ఏడ్చారు. ఏడ్చి, కొంగులతో కళ్ళు తుడుచుకుని, ఒకరి తర్వాత ఒకరు నా వైపు చూశారు. ఎందుకు చూశారో నాకు తెలుసు. నేను మొగుడు పోయినదాన్ని. నేను ఎదురు వచ్చాను. ఆయన తిరిగి రాలేదు.

ఎల్లుండి ఇంకో కంటైనర్ వస్తుంది, వేరే డ్రైవరుతో. గేటు ముందుకు పోయి నిలబడాలా, షెడ్డు వెనక అట్టపెట్టెల చాటుకు పోవాలా అన్నదే ఇన్నాళ్ళూ నా గుండెలో ముల్లు. దాని సంగతికి వస్తాను. ముందు మనిషి గురించి చెప్పనీయండి. నేను చెబుతుంటే రాసేది మా తమ్ముడి కూతురు. నా మాటను అది తన బడి తెలుగులోకి దిద్దుకుంటానంది, సరేనన్నాను. మనుషులు ఆడిన మాటలను మాత్రం ముట్టుకోవద్దన్నాను.

ఆయనను నేను ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. షెడ్డులో ఆడవాళ్ళమందరం 'సలిబండాయప్ప' అనేవాళ్ళం, అంటే చలిబండి ఆయన. ఊరు ఆదోని. పొట్టి మనిషి. బొజ్జ ముందు వస్తే తాను వెనక వచ్చేవాడు. మాది ఎమ్మిగనూరు దాటాక రోడ్డు పక్కన ఉన్న దానిమ్మ షెడ్డు. ఆలూరు, పత్తికొండ వైపు తోటల నుంచి కాయలు వస్తాయి. మేము తుడిచి, ఏరి, బరువును బట్టి విడదీసి, ఒక్కో కాయకూ తెల్లటి మెత్తటి వల తొడిగి అట్టపెట్టెల్లో పేరుస్తాం. పెట్టెలు చలిగదిలో చల్లబడ్డాక కంటైనర్‌లోకి ఎక్కుతాయి. కంటైనర్ అంటే చక్రాల మీద ఇనుప గది. దాని ముందు భాగంలో చలిమిషను, ఆ మిషనుకు కరెంటు ఇచ్చే డీజిల్ ఇంజను ఉంటాయి. బండి ఎక్కడైనా ఆగవచ్చు, అవి ఆగకూడదు. రేవుకు పోయి, ఓడ ఎక్కి, అరబ్బు దేశంలో దిగేదాకా కాయ ఒకే చలిలో ఉండాలి. అక్కడ దాన్ని ఎవరు వలిచి తింటారో మాకు తెలియదు. తిన్నవాళ్ళకూ మేము తెలియము.

బండి వచ్చి ఆగగానే మనుషులను పలకరించే అలవాటు ఆయనకు లేదు. ముందు కంటైనర్ చుట్టూ తిరిగేవాడు. అరచేయి ఇనుప గోడకు ఆనించి, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు చూసేవాడు. తర్వాత మిషను దగ్గర చెవి పెట్టి కళ్ళు మూసుకునేవాడు. ఆ చప్పుడు నచ్చితేనే మా వైపు తిరిగి, "ఏమక్కా, ఉగ్గాని తిన్యారా? నాకేమన్నా మిగిలించినారా?" అని అడిగేవాడు. నచ్చకపోతే ఉగ్గాని ఊసే లేదు. బొరుగుల ఉగ్గాని డబ్బా మూత తీసి పెట్టినా కన్నెత్తి చూడడు. దానిలోకి నంజుకునే మిరపకాయ బజ్జీ అంటే ప్రాణం పెట్టే మనిషి, మిషను దగ్గరే గొంతుక్కూర్చుని, "ఏమాయె? ఏం నొస్తాంది నీకు? సెప్పు," అని దాన్నే బుజ్జగిస్తూ ఉండేవాడు.

దానిమ్మ లేని రోజుల్లో సముద్రం పక్క ఊళ్ళ నుంచి గడ్డకట్టిన రొయ్యల లోడ్లు వేసేవాడు. ఆ సరుకు అంటే ఆయనకు గౌరవం లేదు.

"రొయ్య మొరటు సరుకక్కా. రాయి మాదిరి గడ్డకట్టుకోని పడుంటాది. దానికి గాలితో పన్లే. దానిమ్మ అట్ల కాదు. సెట్టు నుంచి తెంపినా బతికే ఉంటాది. మనం పీల్సినట్ల గాలి పీలుస్తాది."

కంటైనర్‌కు ఒక చిన్న గుండ్రటి మూత ఉంటుంది, లోపలి పాతగాలి పోయి కొత్తగాలి రావడానికి. దాన్ని ఆయన 'ముక్కు' అనేవాడు. రొయ్యలకైతే ముక్కు మూసేయాలి, కాయలకైతే కొంచెం సందు ఉంచాలి. బయలుదేరి గేటు దాకా పోయి, బ్రేకు వేసి, "ముక్కు తెరిసినానా?" అని తనను తానే అడుక్కుని, దిగి వచ్చి చూసుకుని పోయేవాడు. తెరవకుండా ఉన్నది మేము ఒక్కసారీ చూడలేదు. అయినా దిగేవాడు.

"నా బండిలో ముందర రోహిణి కార్తె, వెనకల పుష్యమాసం," అనేది ఆయన మాట. కేబిన్‌లో ఏసీ లేదు. కాయలకు చలి, తనకు తువ్వాలు. మా మేస్త్రమ్మ ఆడకూలీలందరికీ పెద్ద, నోరు కూడా పెద్దదే, ఊరుకునేది కాదు.

"అంత ఉబ్బరంగా ఉంటే పోయి ఆ పెట్టెలోనే పండుకోరాదూ?"

"పండుకుంటే అరబ్బోడు నన్ను గూడా వలుసుకోని తింటాడు పెద్దమ్మా."

"నీ తోలు వలిసేకి వాని తరమా!"

ఇట్లా నడిచేది వాళ్ళిద్దరికీ.

నా గొంతు చిన్నప్పటి నుంచీ గరుకు. నేను ఎదురింటామెను పిలిస్తే వీధి చివర కుక్క లేచి కూర్చునేది. ఒకసారి షెడ్డు లోపలి నుంచి నేను ఎవరినో కేకేస్తే, బయట చెట్టు నీడన తింటున్న మనిషి చెయ్యి కూడా కడుక్కోకుండా పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మిషను మొరాయించిందేమో అనుకుంటి! నువ్వా అక్కా?"

షెడ్డంతా గొల్లుమంది. నాకు కోపం రాలేదు. మా ఆయన ఆదోని పత్తి యార్డులో హమాలీ. ఆయన ఉన్నన్నాళ్ళూ నా గొంతును ఎగతాళి చేసేవాడు. ఆయన పోయాక అందరూ నాతో మెల్లగా, తగ్గించి, జబ్బు మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళే. నా గొంతు విని నవ్వేవాడు అన్నాళ్ళకు మళ్ళీ ఒకడు దొరికాడు.

సముద్రం నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. మాలో ఎవరూ సముద్రం చూడలేదు. తుంగభద్ర కాలువ చూశాం, మంత్రాలయం దగ్గర ఏరు చూశాం, అంతే. "ఓడ ఎంతుంటాదప్పా?" అని మేస్త్రమ్మ ఒకసారి అడిగింది.

"నాకేం తెలుసు పెద్దమ్మా? రేవులో మమ్మల్ని ఓడ దగ్గరికి రానిస్తారా? గోడ మీద క్రేను కొన అగుపడతాది. నా పెట్టె గాల్లోకి లేస్తాది. ఆడికి నా ఋణం తీరె."

"ఇన్నేండ్లు పోయి ఓడే సూడలేదా! ఏం మనిషివప్పా!"

అది ఆయనకు తగిలినట్టుంది. తర్వాతి లోడుకు వచ్చినప్పుడు ఒక ప్లాస్టిక్ సీసా తెచ్చి మా మధ్య పెట్టాడు. "ఓడ తెచ్చేకి కాలే. సముద్రం తెచ్చిన." రేవు దాటి, జాలర్లు ఉండే చోటికి నడిచిపోయి పట్టుకొచ్చాడట. అడుగున ఇంత ఇసుక. మేస్త్రమ్మ కళ్ళకద్దుకుని మా అందరి నెత్తిన చల్లింది. ఒకామె వేలు ముంచి నాలుకకు రాసుకుని ఉమ్మేసింది. "అయ్యో, ఇంత ఉప్పా! మన కాయలు ఈ నీళ్ళ మీదనా పోయేది?" అని నాకు దిగులు పుట్టింది. పైకి అన్నాను కూడా.

"నీళ్ళ మీద పోతాయక్కా, నీళ్ళల్లో కాదు," అన్నాడు.

ఆ నీళ్ళు కొంచెం నేను మందుసీసాలో పోసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఎండిపోయి అడుగున తెల్లటి పొర కట్టింది. సీసా ఇంకా ఉంది.

ఇక ఎదురు సంగతి.

మా షెడ్డుకు చలిబండి మొదటిసారి వచ్చినప్పటి మాట. మా ఆయన పోయి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. తమ్ముడి ఇంట్లో ఉంటూ అప్పుడప్పుడే పనిలోకి వస్తున్నాను. ఆ ఇనుప గదిని అంత దగ్గరగా చూడడం అందరికీ అదే మొదలు. లోపల నేల చదునుగా లేదు. పొడుగునా ఇనుప గాడులు, దుక్కి చాళ్ళ మాదిరి. మేస్త్రమ్మ తలుపు దగ్గర నిలబడి, "ఇంత గట్టి ఇనుము మీద కాయలు పెడితే ఏమయితాయి?" అంది. మాకూ అదే అనిపించింది. మేము ఉల్లిగడ్డ పండించే ఊళ్ళవాళ్ళం. ఉల్లిగడ్డకే కింద గడ్డి పరుస్తాం. వేరుశనగకు గోనెపట్ట పరుస్తాం. ఏ పంటనూ వట్టి నేల మీద పెట్టి ఎరుగం. అంతదూరం పోయే కాయలను వట్టి ఇనుము మీద ఎట్లా పెడతాం? మందపాటి అట్టలు తెచ్చి, సందు లేకుండా, పక్క వేసినట్టు నేలంతా పరిచాం. వాటి మీద పెట్టెలు పేర్చాం. బాగా చేశామని మురిసిపోయాం కూడా. ఈ డ్రైవరు అప్పుడు బయట డీజిల్ పోసుకుంటున్నాడు. లోపలికి చూడనే లేదు.

తలుపులు మూశారు. మేస్త్రమ్మ పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టింది. బండి కదిలింది. అదే సమయానికి నేను కొళాయి దగ్గర చేతులు కడుక్కుని షెడ్డు మూల తిరిగి వచ్చాను. సరిగ్గా బండికి ఎదురుగా.

"అయ్యో శివా! ఈమె ఎదురొచ్చిందే!" అంది మేస్త్రమ్మ. నన్ను అనాలని అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది.

కొన్నాళ్ళకు అవతలి ఒడ్డు నుంచి కబురు. కాయలు చెమర్చి, బూజు పట్టి, సగం దాకా పారేశారట. ఎందుకట్లా అయిందో ఎవరికీ తెలియదు. తెలిసిన కారణం ఒక్కటే, అది నేను. నన్ను పనిలోంచి తీసేస్తేనే మంచిదని కొందరు అన్నారు. మేస్త్రమ్మ అడ్డుపడి, "పని మానిపియ్యొద్దు. బండి కదిలేటప్పుడు మాత్రం వెనకల అట్టపెట్టెలు మడిసే కాడ ఉండనీ," అంది. నన్ను కాపాడినట్టే అనుకుంది. నేనూ అట్లే అనుకున్నాను. ఎవరూ చెప్పకముందే పోయి వెనక కూర్చోవడానికి సిద్ధపడ్డాను.

రెండో లోడుకు కూడా ఈయనే వచ్చాడు. ఈసారి డీజిల్ సంగతి తర్వాత చూసుకుందామని, తలుపు తీసీ తీయగానే లోపలికి ఎక్కాడు. అప్పటికే మేము అట్టలు పరచడం మొదలుపెట్టాం. చూసి అట్లే నిలబడిపోయాడు.

"ఇదేంది పెద్దమ్మా?"

"పక్క."

"ఎవురికి?"

"కాయలకు నాయనా. ఇనుము మీద ఎట్ల పెడతాం?"

ఆయన నవ్వలేదు. మా టెంకాయ బుట్టలోంచి ఊదుబత్తి ఒకటి తీసి వెలిగించాడు. మిషను ఆన్ చేసి, మమ్మల్నందరినీ లోపలికి పిలిచాడు. చలికి కొంగులు కప్పుకుని గుంపుగా నిలబడ్డాం. అట్ట మీద ఊదుబత్తి పట్టుకున్నాడు. పొగ దేవుడి గదిలో లేచినట్టు నిటారుగా లేచింది. "సూసినారా? ఈడ గాలి లే." తర్వాత ఒక అట్ట లాగి పక్కన పడేసి, ఆ ఇనుప చాళ్ళ మీద అదే ఊదుబత్తి పట్టుకున్నాడు. పొగ చెదిరిపోయి, పైకి ఎగిరి, మా ముఖాల మీదికి వచ్చింది.

"ఈ చాళ్ళలో నుంచి వస్తాది తల్లీ సలిగాలి. కిందనుంచి లేసి, పెట్టె పెట్టెలో దూరి, పైకి పోవల్ల. మీరు పక్క పరిసినారు. దాని నోరు మూసినట్లాయె."

అవతలి ఒడ్డున బూజు పట్టిన కాయలు నా కంటి ముందు కనబడ్డాయి. మేస్త్రమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మెత్తగా ఉంటాదనుకుంటిమి గదప్పా!"

"మీరు తల్లులు గాబట్టి పరిసినారు. నేను గూడా ముందు బాగా సూసుకోకపోతిని. నాకు మాత్రం పుట్టుకతో తెలుసునా? రేవులో ఒకాయన ఇట్లనే ఊదుబత్తి ముట్టించి సూపించినాడు."

అట్టలన్నీ తీసేసి, చాళ్ళ మీదనే పెట్టెలు పేర్చాం. తలుపులు మూశారు. టెంకాయ కొట్టారు. నేను వెనక్కి పోయి కూర్చున్నాను. బండి కదిలే చప్పుడు కోసం చూస్తున్నాను. రాలేదు. హారన్ మోగింది. మళ్ళీ మోగింది.

"అక్క యాడ?" అని ఆయన గొంతు.

"ఏ అక్క?"

"ముందరి లోడుకు ఎదురొచ్చిందే, ఆ అక్క. ఆయమ్మ రావల్ల. లేకుంటే నేను బండి తీయను."

"నీకేమన్నా పిచ్చా? ఆమె వద్దని మేమే..." అని మేస్త్రమ్మ.

"ఆ అక్క రాబట్టే సగమన్నా మిగిలినాయి పెద్దమ్మా. నాకు శకునాలు బాగా పట్టింపు. పిలువు."

షెడ్డు సూపర్‌వైజరు, డీజిల్ కాలిపోతోంది, కదలమని అరుస్తున్నాడు. ఈయన స్టీరింగు మీద చెయ్యి వేసుకుని, ఎవరో పెళ్ళికి సరిగ్గా పిలవలేదని అలిగి కూర్చున్న మామలాగా కూర్చున్నాడు. మేస్త్రమ్మ వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. గేటు బయటికి పోయి, ఎదురుగా కొంచెం నడిచి వచ్చాను. తల ఎత్తలేదు. బండి నన్ను దాటేటప్పుడు పై నుంచి మాట వినబడింది. "అంత మెల్లగా వస్తే ఎట్లక్కా? నా కాయలకు వయసైపోతాది."

ఆ లోడు చక్కగా చేరింది. తర్వాతవీ చేరాయి. అప్పటి నుంచి ప్రతి లోడుకూ అదే తంతు. హారన్ మోగితే మేస్త్రమ్మే, "పోవే, నీ తమ్ముడు పిలుస్తాండాడు," అని తరిమేది. పండుగ నాడు కొత్త చీర కట్టుకుని పోతే, "ఏమక్కా, ఈ పొద్దు కాయలకు సలి ఎక్కువైతాది," అన్నాడు. ఎందుకన్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నవ్వాను మాత్రం. కొన్నాళ్ళకు నేనే ముందుగా పోయి నిలబడడం మొదలుపెట్టాను. ఊళ్ళో కూడా, ఎవరైనా బయలుదేరుతుంటే గోడకు కరుచుకునే అలవాటు నాకు తెలియకుండానే పోయింది. అది పోయిందని ఆయన పోయాకే తెలిసింది, మళ్ళీ వచ్చి కూర్చుంది కాబట్టి.

చివరి లోడు కూడా బాగానే చేరిందని ఫోనులో కబురు వచ్చింది. సూపర్‌వైజరు అందరికీ ఫోటో చూపించాడు. మా పెట్టెలు, మా చేత్తో అంటించిన చీటీలు, ఎర్రగా నిగనిగలాడే కాయలు. మేస్త్రమ్మ చాలాసేపు చూసి, "సరుక్కేం కాలే. పాపం, ఆయప్పకే..." అని ఆపేసింది. చెడ్డ మనిషి కాదు. భయపడింది. ఆ రోజు ఆమె నాతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించింది. అది చాలు నాకు, ఆమె మనసులో ఏముందో తెలియడానికి.

పనికి సెలవు పెట్టి ఆదోని బస్సెక్కాను. కర్మలన్నీ అయిపోయాక పోయాను. ముందు పోవడానికి నాకు ముఖం చెల్లలేదు. పత్తి మిల్లుల వెనక సందు. కరెంటు తీగల మీద, కాలువ అంచున దూది పింజలు వేలాడుతున్నాయి. ఇల్లు అడిగితే చూపించారు. చిన్న గది, గోడకు ఆనుకుని ఆయన పెళ్ళాం. పైన పాత ఫ్యాను గడగడమంటూ తిరుగుతోంది. ఆడబిడ్డ ఒకామె చాప వేసింది.

నేను, "అమ్మా," అన్నానో లేదో, ఆమె తలెత్తింది.

"ఎమ్మిగనూరక్క గదా నువ్వు? గొంతు ఇనంగానే తెలిసె. ఇంట్లో బండి మాటే ఎత్తేటోడు కాదు. 'ఆడ ఒకక్క ఉండాది, మిషను మాదిరి గొంతు' అని అదొక్కటే సెప్పి నగుతాండె."

దుఃఖం ఆగలేదు నాకు. కొంచెంసేపు ఇద్దరం ఏడ్చాం. తర్వాత అనుకున్నది అడిగేశాను. మనసులో పెట్టుకుని తిరిగి పోలేను కదా.

"అమ్మా, ఆ దినం ఆయప్ప బయలుదేరినప్పుడు నేనే ఎదురొచ్చిన. నేను మొగుడు లేనిదాన్ని. నీకు ఎవురో ఒకరు సెప్తారు. నేనే సెప్దామని వచ్చిన."

"ఎదురా?" అంది. "ఎవురికి?"

"ఆయప్పకే. పతిసారి రమ్మనేటోడు. రాకుంటే బండి తీయనని మొండికేస్తాండె. నాకు శకునాలు బాగా పట్టింపు అంటాండె."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఆడబిడ్డ వైపు చూసింది. ఇంత దుఃఖంలో కూడా ఆ ఆడబిడ్డ పెదవి మీద నవ్వు కదిలింది.

"మా అన్నకు శకునమా! పిల్లి అడ్డమొస్తే, 'దానికేం పనుందో పాపం' అని బండి ఆపి దారిచ్చేటోడు."

"పెండ్లి ముహూర్తం దాటిపోతాందని అందరూ అరుస్తాంటే టీ తాగొస్తానని పోయినాడు," అంది ఆయన పెళ్ళాం. "నేను పొద్దున్నే నీళ్ళచెంబు తీసుకోని ఎదురొస్తే, 'నీకెందుకీ తిప్పలు, పోయి పండుకో' అంటాండె. ఆయప్పకు ఎదురూ లే, ఎనకా లే. నిన్నెందుకు రమ్మన్యాడో..."

అక్కడితో ఆగింది. నా వట్టి నుదుటిని చూసింది. తర్వాత గాజుల్లేని తన చేతులను చూసుకుంది. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. తనకు అక్కర్లేని ఎదురును ఆయన అన్నాళ్ళూ నడిరోడ్డున హారన్ కొట్టి కొట్టి అడిగి తీసుకున్నాడు.

"ఆ ఫ్యాను శానా సప్పుడు సేస్తాంది," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఆపల్యాక ఉండా. సలికాలం గూడా ఆపనిచ్చేటోడు కాదు. సప్పుడు ఆగితే నిద్రలో లేసి కూసుంటాడు, మిషను ఆగిపాయె అని." నా వైపు జరిగి, "ఆడ ఎట్లుండేటోడక్కా? ఏం మాట్లాడేటోడు? నాకేం తెల్దు. సెప్పు," అంది.

ముక్కు సంగతి చెప్పాను. సముద్రం సీసా సంగతి మొదలుపెట్టాను. ఇంతలో చుట్టాలు వచ్చారు. అంతా రాయించి ఫోనుకు పంపిస్తానని మాటిచ్చి లేచాను.

నేను చెప్పులు వేసుకుంటుంటే ఆమె గబగబా లేచి లోపలి గదిలోకి పోబోయింది. వచ్చిన చుట్టాల్లో ఒక ముసలామె, "అవు, లోపలికి పో, ఆయమ్మ బయలుదేరతాంది," అంది. ఆ గోడను కరుచుకునే నడక నాకు బాగా తెలుసు.

"యాడికి పోతాండావు?" అన్నాను. నా గొంతు సందంతా వినబడి ఉంటుంది. "నేను దూరం పోవల్ల. నాకు ఎదురెవురు వస్తారు?"

"నేనా? వద్దక్కా..."

"నువ్వు రాకుంటే నేను కదల్ను. ఈ వాకిట్లోనే కూసుంటా. నాకు శకునాలు బాగా పట్టింపు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ముసలామె ఏదో గొణిగింది. ఆడబిడ్డ ముందుకు వచ్చి తలుపు పూర్తిగా తెరిచింది. ఆయన పెళ్ళాం చెప్పులు కూడా లేకుండా సందులోకి దిగి, కొంచెం దూరం పోయి, వెనక్కి తిరిగి నా వైపు నడిచింది. తల ఎత్తలేదు. జుట్టుకు దూది పింజ ఒకటి అంటుకుని ఉంది.

"అంత మెల్లగా వస్తే ఎట్లమ్మా? నాకు బస్సు పోతాది," అన్నాను.

ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు అంటే తెలుసు కదా, ఎక్కడానికే ఒక యుద్ధం. ఆ రోజు నాకు కిటికీ పక్కన సీటు దొరికింది. అదే ఫోను చేసి చెప్పాను ఆమెకు. "సీటు దొరికె తల్లీ. కిటికీ పక్కన." అవతల ఫ్యాను గడగడ వినబడింది. తర్వాత, "మంచిదక్కా. సల్లగా పో," అంది.

నిన్న షెడ్డుకు పోయి మేస్త్రమ్మతో చెప్పాను, ఈసారి బండికి కూడా గేటు ముందు నిలబడతానని.

"వచ్చేటోడు కొత్తోడు. వద్దంటే?"

"వద్దంటే నా గొంతు ఇంటాడు."

మేస్త్రమ్మ కాయ తుడుస్తూ తుడుస్తూ ఆగింది. "నీ తమ్ముని మొండితనమంతా నీకే అంటుకునె," అంది, గొంతు తగ్గించకుండా, షెడ్డంతా వినబడేట్టు.

ఇంక చాలు పాపా, చెయ్యి నొప్పి పుట్టి ఉంటుంది. ఆమెకు పంపించే ముందు నేనొకసారి వినాలి. ఊదుబత్తి పొగ దగ్గర తప్పు పోకూడదు. ఆయన మాటలు ఆయన నోట్లోంచి వచ్చినట్టే ఉండాలి. ఏదీ, ఫ్యాను ఆపొద్దులే, తిరగనీ. మొదటి నుంచి చదువు.